తోటికోడలి ఇంజెక్షన్ నేనూ వేసుకోవచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 39 ఏళ్లు. ఖమ్మం దగ్గర ప్రభుత్వ బడిలో లెక్కల టీచర్‌ని. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. ఇద్దరు పిల్లలు. థైరాయిడ్‌కి రోజూ 50 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటాను. మొన్న బడిలో పెట్టిన క్యాంపులో మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. మా అమ్మకు షుగర్ ఉంది. మోకాళ్లు నొప్పి, మెట్లెక్కితే ఆయాసం. 2018లో అందరితోపాటు కొబ్బరినూనె డైట్ చేశాను. రెండు నెలల్లో 11 కిలోలు తగ్గి, ఏడాది తిరిగేసరికి 14 కిలోలు పెరిగాను. ఇప్పుడు మా తోటికోడలు హైదరాబాద్‌లో వారానికోసారి ఇంజెక్షన్ వేసుకుని ఐదు నెలల్లో 13 కిలోలు తగ్గింది. జుట్టు బాగా ఊడుతోంది, రోజు మొత్తంలో రెండు ఇడ్లీలు కూడా దిగడం లేదంటుంది, కానీ సన్నబడింది. ఇక్కడ తెలిసినాయన ఒకరు డాక్టరు చీటీ లేకుండానే తెప్పిస్తానంటున్నారు. థైరాయిడ్ ఉంటే అది వాడకూడదని కొందరు, మొదలుపెడితే జీవితాంతం వాడాలని కొందరు అంటున్నారు. మా అత్తయ్యేమో అన్నం తగ్గిస్తే కళ్లు తిరిగి పడిపోతావంటారు. మావారు నోరు కట్టుకుంటే చాలదా అంటారు. ఇంత చదువుకుని నోరు కట్టుకోలేకపోతున్నానని నాకే సిగ్గుగా ఉంది. 60 కిలోలకు రావాలని నా కోరిక. నా దినచర్య, ఇంట్లో నూనె వాడకం విడి కాగితంలో రాశాను. ఏం చేయమంటారు? పేరు వేయకండి.

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన సిగ్గు దగ్గరే మొదలుపెడతాను. అది మనసులో ఉన్నంతకాలం మిగతా సలహాలు లోపలికి వెళ్లవు.

రెండు నెలలు అన్నం, పప్పు ముట్టకుండా నూనె, నిమ్మకాయ నీళ్లతో గడిపి 11 కిలోలు తగ్గిన మనిషికి పట్టుదల లేదని నేనైతే అనలేను. ఆ తర్వాత 14 కిలోలు పెరగడంలో మీ తప్పు కంటే మీ శరీరం పాత్రే ఎక్కువ. బరువు గబగబా తగ్గితే మన ఒంటికి అది కరువు వచ్చినట్టే. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, ఇక చాలు అని మెదడుకు చెప్పే లెప్టిన్ పడిపోతుంది, ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే కేలరీలు కూడా తగ్గుతాయి. 2011లో మెల్‌బోర్న్ పరిశోధకులు 50 మందికి పది వారాలపాటు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి బరువు తగ్గించారు. ఏడాది గడిచాక పరీక్షించినా ఆ ఆకలి హార్మోన్లు పూర్వస్థితికి రాలేదు. అంటే డైట్ ముగిసిన ఏడాది తర్వాత కూడా ఒళ్లు పోయిన బరువు కోసం వెతుక్కుంటూనే ఉంది. దీన్ని నోరు కట్టుకుని గెలవమనడం అన్యాయం. ఈ పేరా మీవారికి చదివి వినిపించండి.

నేనూ ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో 'తక్కువ తినండి, బాగా నడవండి' అని చీటీ కింద రాసి పంపేసేదాన్ని. ఆర్నెల్లకు వాళ్లు ఇంకో మూడు కిలోలు పెరిగి వచ్చేవారు, లేదంటే మొహం చూపించలేక రావడమే మానేసేవారు. అలా మానేసినవాళ్లు ఐదారేళ్ల తర్వాత షుగర్‌తోనో, గుండెనొప్పితోనో వస్తే నాకు చాలా బాధనిపించేది. మాట చెప్పి పంపడం వైద్యం కాదని అప్పుడు తెలిసింది.

ఇక మీ లెక్కలు. బరువును ఎత్తుతో పోల్చి చెప్పే మీ బీఎంఐ 34. మన దేశంలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. తెల్లవాళ్లకు పెట్టిన 25, 30 అనే గీతలు మనకు పనికిరావు. ఎందుకో అర్థం కావాలంటే 2004లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన ఒక ఫొటో గురించి చెప్పాలి. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం! చూడటానికి సన్నగా ఉన్నా మనవాళ్ల కొవ్వు పొట్టలో, కాలేయంలో దాక్కుంటుంది. అందుకే కాటా ఒక్కటే చాలదు. టైలర్ టేపు తీసుకుని బొడ్డుకు కొంచెం పైన, ఊపిరి మామూలుగా వదిలి, నడుము కొలవండి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. 6.2 అంటే షుగర్ ఇంకా రాలేదు, గుమ్మం దాకా వచ్చింది. ఇప్పుడు పట్టించుకుంటే వెనక్కి పంపే అవకాశం బాగా ఉంది. 2002లో వచ్చిన అమెరికా పరిశోధనలో మీలాంటి స్థితిలో ఉన్నవాళ్లు తమ బరువులో 7 శాతం తగ్గించడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకుంటే షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం మనవాళ్ల మీద చేసి 2006లో ప్రకటించిన దాంట్లో 28.5 శాతం తగ్గింది, అదీ బరువు పెద్దగా తగ్గకుండానే. మీకు 7 శాతం అంటే ఆరు కిలోలు. మీరు మనసులో పెట్టుకున్న 60 కిలోల అంకెను కొన్నాళ్లు పక్కన పెట్టి, 78 దగ్గర దృష్టి పెట్టండి.

ఇంజెక్షన్ సంగతికి వస్తాను. మీ తోటికోడలు వాడుతున్నది సెమాగ్లూటైడో, టిర్జెపటైడో అయి ఉంటుంది. మౌంజారో పేరుతో టిర్జెపటైడ్ 2025 మార్చిలో, వెగోవీ పేరుతో సెమాగ్లూటైడ్ అదే ఏడాది జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. అన్నం తిన్నాక మన పేగులు జీఎల్‌పీ-1 అనే హార్మోన్ వదులుతాయి. చాలు, కడుపు నిండింది అని మెదడుకు చెప్పేది అదే. కానీ అది రక్తంలో రెండు మూడు నిమిషాలకు మించి నిలవదు. ఈ మందు దానిలాగే పనిచేస్తూ వారం రోజులు నిలుస్తుంది. ఇవి మాయ మందులు కావు, మోసమూ కావు. 2021లో వచ్చిన పెద్ద పరిశోధనలో సెమాగ్లూటైడ్ వాడినవాళ్లు 68 వారాల్లో సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గారు. మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ వేసుకున్నవాళ్లు రెండున్నర శాతం లోపే తగ్గారు. ఇద్దరికీ తిండి, నడక సలహాలు ఒకేలా ఇచ్చారు. మీ బీఎంఐకి, మీ రిపోర్టుకు ఈ మందు అడిగే హక్కు మీకుంది. 'ఇంజెక్షన్ వేసుకుని తగ్గడం ఒక తగ్గడమా' అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. బీపీకి మాత్ర వేసుకునేవాళ్లను ఎవరూ అలా అనరు.

నేను వద్దనేది మందును కాదు, చీటీ లేకుండా తెప్పిస్తానన్న ఆయన్ని. ఆయన ఇచ్చే పెన్నులో ఏముందో మీకు తెలియదు. తెరవని పెన్ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, అది ఏ బస్సులో ఎంత ఎండలో వచ్చిందో తెలియదు. అంతకంటే ముఖ్యం, వాంతులు పట్టుకున్న రాత్రి ఆయన ఫోన్ ఎత్తడు. సెమాగ్లూటైడ్‌ను 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగేసి వారాలకోసారి, తట్టుకుంటున్నారో లేదో చూసి పెంచుతారు. త్వరగా తగ్గాలని మొదటి నెలలోనే పెద్ద డోసు వేసుకుని, మంచినీళ్లు కూడా ఇమడక సెలైన్ దాకా వెళ్లినవాళ్లను చూశాను.

థైరాయిడ్ విషయంలో మీ చుట్టుపక్కలవాళ్లు రెండు వేర్వేరు సంగతులు కలిపేశారు. ఆ మందు మీద ఉన్న హెచ్చరిక మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ గురించి. అది చాలా అరుదైన జబ్బు. మీకు గానీ, రక్త సంబంధీకులకు గానీ అది ఉంటే, లేదా మెన్-2 అనే వంశపారంపర్య జబ్బు ఉంటే ఈ ఇంజెక్షన్ వాడకూడదు. మీరు 50 మాత్ర వేసుకునే థైరాయిడ్ తక్కువతనం దీనికి అడ్డు కాదు. అలాగే మీ బరువంతా థైరాయిడ్ వల్లే అనుకోకండి. దాని వాటా మహా అయితే నాలుగైదు కిలోలు, మాత్ర సరిగ్గా పడుతుంటే అదీ ఉండదు. సరిగ్గా అంటే పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట ఆగాలి. మీరు రాసిన దినచర్య ప్రకారం ఐదింటికి లేచి మాత్ర, కాఫీ ఒకేసారి పట్టిస్తున్నారు. అది మార్చుకోండి.

ఇంకో మాట మీరు రాయలేదు, నేను అడగాలి. మీకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా? కాకపోతే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. గర్భం అనుకుంటే సెమాగ్లూటైడ్ కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ వాడేటప్పుడు గర్భం రాకుండా వేసుకునే మాత్రల బలం తగ్గుతుంది.

జీవితాంతం వాడాలా అన్నారు. మీకు తీపి మాట చెప్పను. 2021 పరిశోధనలో పాల్గొన్నవాళ్లలో కొందరిని మందు ఆపేశాక ఏడాది పాటు గమనించారు. తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. కాబట్టి ఆర్నెల్ల కోర్సు అని ఎవరైనా చెబితే నమ్మకండి. మొదటి ఇంజెక్షన్‌కు ముందే ఇంట్లో కూర్చుని రెండు మూడేళ్ల ఖర్చు లెక్క వేసుకోవాలి. సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు మన దేశంలో 2026 మార్చితో తీరింది కాబట్టి ధర దిగే దారి తెరుచుకుంది. అయినా పిల్లల ఫీజులు కట్టే ఇంట్లో అది చిన్న ఖర్చు కాదు. మూడు నెలలు వాడి, డబ్బు చాలక ఆపి, మళ్లీ పెరిగి, మళ్లీ సిగ్గుపడటం మీకు రెండోసారి జరగకూడదు.

డాక్టరు పర్యవేక్షణ అంటే ఏమిటో ఒక సంఘటనతో చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక పెద్దాయనను తెల్లవారుజామున మా దగ్గరకు తెచ్చారు. ఒళ్లంతా చెమట, మాట తడబడుతోంది, పక్కనే ఉన్న భార్యను గుర్తుపట్టడం లేదు. ఇంట్లోవాళ్లు పక్షవాతం అనుకున్నారు. వేలు గుచ్చి చూస్తే షుగర్ 41. గ్లూకోజ్ ఎక్కిన పది నిమిషాలకు లేచి కూర్చుని, 'ఇక్కడెందుకున్నాను?' అని అడిగారు. ఎవరో చెప్పారని రాత్రి భోజనం మానేశారు. షుగర్‌కి వేసుకునే గ్లిమిపిరైడ్ మాత్ర మాత్రం మానలేదు. తిండి సగం చేసినప్పుడు ఆ మాత్ర కూడా తగ్గించాలి. ఆ మాట చెప్పేవాళ్లు ఆయన పక్కన లేరు. మీకు అలాంటి మాత్రలు లేవు గానీ, బరువు తగ్గేకొద్దీ మీ థైరాయిడ్ డోసు కూడా మళ్లీ చూడాలి. మీ అత్తయ్యగారు కళ్లు తిరుగుతాయని భయపడటంలో ఎంతో కొంత నిజం ఉంది. ఆవిడను కొట్టిపారేయకండి.

మీరు ముందు కలవాల్సింది జనరల్ మెడిసిన్ ఎండీని. ఖమ్మంలోనే ఉంటారు. ప్రభుత్వ పెద్దాసుపత్రిలో షుగర్, బీపీ లాంటి దీర్ఘకాల జబ్బులు చూసే ఎన్‌సీడీ క్లినిక్‌లో అడిగినా చూస్తారు. హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజిస్టు సలహా కావాలంటే హైదరాబాద్‌కు ఒకసారి వెళ్లొచ్చి, తర్వాత దగ్గరలోనే చూపించుకోవచ్చు. బీపీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, కిడ్నీల కోసం క్రియాటినిన్, కాలేయం పరీక్షలు, కొలెస్ట్రాల్, బీ12 చేయించి, పొట్ట స్కానింగ్ తీస్తారు. స్కానింగ్ ఎందుకంటే కాలేయంలో కొవ్వు ఎంత ఉంది, పిత్తాశయంలో రాళ్లున్నాయా అని. బరువు వేగంగా తగ్గితే రాళ్లు ఏర్పడతాయి, ఉన్నవి ఇబ్బంది పెడతాయి. గతంలో క్లోమం వాపు వచ్చి ఉంటే ఆ కాగితాలూ తీసుకెళ్లండి. నెలసరి క్రమం తప్పుతోందా, నిద్రలో గురక వస్తోందా, ఉలిక్కిపడి లేస్తున్నారా, ఇవన్నీ చెప్పండి. గురక గురించి మిమ్మల్ని కాదు, మీవారిని అడగాలి. ఆయన్ని కూడా వెంట తీసుకెళ్లండి.

మీ దినచర్యలో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది. 'పొద్దున పిల్లలకు, మావారికి, అత్తయ్యకు టిఫిన్ పెట్టి, మూకుట్లో మిగిలిన ఉప్మా నిలబడే తినేసి బస్సుకు పరుగెత్తుతాను.' అందులో ఎంత ఉందో మీకు తెలియదు. ఒక రోజు రెండు గరిటెలు, ఒక రోజు ఐదు గరిటెలు. పారేయడానికి మనసొప్పదు. మన ఇళ్లలో ఆడవాళ్ల పొట్ట మిగిలింది సర్దే గిన్నె అయిపోయింది. నా దగ్గరికొచ్చే తల్లుల్లో చాలామంది బరువు కథ ఆ మూకుడు దగ్గరే మొదలవుతుంది. రేపటి నుంచి అందరికంటే ముందు మీ ప్లేటు పెట్టుకోండి. రెండు గుడ్లు, లేదా ఒక పెసరట్టు. కూర్చుని తినండి. పది నిమిషాలు. మిగిలిన ఉప్మా డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పడేయండి.

అన్నం మానమని నేను చెప్పను. మానితే మీరు మూడు వారాలు ఆగుతారు, నాలుగో వారం ఆవకాయతో రెండింతలు తింటారు. వడ్డించే వరస మాత్రం మార్చండి. మన ప్లేట్లో ముందు అన్నం కుప్ప పోసి దాని పక్కన కూర వేసుకుంటాం. మీరు ముందు సగం ప్లేటు కూర, ఆకుకూర వేసుకోండి. పావు భాగం గట్టి పప్పో, కోడికూరో, చేపో. మిగిలిన పావులో అన్నం. చారుకు, పెరుగుకు కూడా ఆ అన్నమే సరిపెట్టుకోవాలి. కొర్రలు, అండుకొర్రలు తింటే ఎంతైనా తినొచ్చని ఒక నమ్మకం మన దగ్గర పాకింది. పీచు ఎక్కువ, మంచివే. కానీ వంద గ్రాముల కొర్రల్లోనూ బియ్యంలోనూ కేలరీలు ఇంచుమించు ఒకటే, 350కి అటూఇటూ. కొర్రన్నమైనా ఆ పావు ప్లేటే.

నూనె నెలకు ఆరు లీటరు పాకెట్లు వస్తాయని రాశారు. లీటరు నూనె 910 గ్రాములు. మీ ఇంట్లో ఐదుగురికి పంచితే తలా రోజుకు 36 గ్రాములు, గ్రాముకు 9 కేలరీల లెక్కన 320కి పైన. వచ్చే నెల నాలుగు పాకెట్లే తెండి. సీసాలోంచి నేరుగా మూకుట్లో పోయకుండా చెంచాతో కొలవండి. వేపుడు వారానికి రెండు రోజులు, మిగతా రోజులు ఇగురు, పులుసు. పిల్లలకు, అత్తయ్యకు కూడా మేలే కాబట్టి మీ కోసం విడిగా వండక్కర్లేదు. స్టాఫ్ రూములో నాలుగింటికి వచ్చే మిర్చి బజ్జీలకు బదులు మీ డబ్బాలో గుప్పెడు ఉడికించిన సెనగలు, అవే గుగ్గిళ్లు, ఉండనివ్వండి. ఆకలితో ఉన్న మనిషిని బజ్జీ ముందు కూర్చోబెట్టి నిగ్రహం అడగకూడదు.

ప్రొటీన్ గురించి నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. బరువు ఏ దారిలో తగ్గినా కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. తగ్గిన దాంట్లో పావు వంతు నుంచి నలభై శాతం దాకా కండే పోవచ్చు. కొబ్బరినూనె డైట్‌లో మీకు జరిగిందీ అదే అయ్యుంటుంది. కండ పోయింది, తిరిగొచ్చింది కొవ్వు. ఆపడానికి దారులు రెండే. రోజుకు 60 గ్రాముల పైన ప్రొటీన్, వారానికి రెండు మూడు రోజులు కండకు పని. గుడ్డుకు 6 గ్రాములు, ఒక గిన్నె గట్టి పప్పుకు 7, వంద గ్రాముల కోడికూరకో చేపకో 20, 30 గ్రాముల మీల్ మేకర్‌కు 15. క్రియాటినిన్ బాగుంటేనే ఇంత అని గుర్తుంచుకోండి. జిమ్ అవసరం లేదు. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవండి. పదిసార్లు, కాసేపు ఆగి మళ్లీ పది. మోకాళ్లు నొప్పి పెడితే ఎత్తు కుర్చీ తీసుకోండి. రాత్రి భోజనం తొమ్మిదిన్నరకు కాకుండా ఎనిమిదింటికి జరిపి, తర్వాత పావుగంట వీధిలో నడవండి. ఒంట్లో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఆరు కిలోలంటే ఎంతో మీరే లెక్కకట్టుకోండి, లెక్కల టీచరే కదా!

ఇవన్నీ మూడు నెలలు, నెలకోసారి డాక్టరుకు చూపించుకుంటూ చేయండి. వారానికి అర కిలో తగ్గితే చాలా బాగున్నట్టు. నాలుగు కిలోలు తగ్గి, నడుము రెండంగుళాలు లోపలికొచ్చి, హెచ్‌బీఏ1సీ దిగితే అదే దారిలో వెళ్లండి. ఇంతా చేసినా కాటా కదలకపోతే ఇంజెక్షన్ మొదలుపెట్టమని నేనే చెబుతాను. ఆ మూడు నెలలూ వృథా కావు, ఇంజెక్షన్‌తో ఆకలి చచ్చిపోయినప్పుడు ఏం తినాలో అప్పటికి మీకు చేతికొచ్చి ఉంటుంది. మీ డాక్టరు పరీక్షలు చూసి మందు ముందే మొదలుపెడదామన్నా, ఈలోగా షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఇస్తానన్నా తప్పు లేదు, ఆయన మాట వినండి. బరువు తగ్గించే ఆపరేషన్ గురించి ఇప్పుడు ఆలోచించే అవసరం మీకు కనిపించడం లేదు.

ఇంజెక్షన్ వేసుకునే రోజు వస్తే ఒకటి గుర్తుంచుకోండి. పై పొట్టలో మొదలై వీపులోకి పాకే గట్టి నొప్పి, దాంతో వాంతులు ఉంటే తర్వాతి డోసు వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గ్యాస్ అనుకుని ఇంట్లో ఉండకూడదు.

ఇప్పుడు మీ తోటికోడలి సంగతి. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ బెంగ కలిగించింది ఆవిడే. ఐదు నెలల్లో 13 కిలోలు తగ్గి, రోజు మొత్తంలో రెండు ఇడ్లీలు కూడా తినలేక, జుట్టు ఊడుతోందంటే ప్రొటీన్ అందడం లేదు, బహుశా ఐరన్ కూడా. బరువు వేగంగా పోయిన రెండు మూడు నెలలకు జుట్టు ఇలా రాలుతుంది, తిండి సరిచేస్తే మళ్లీ వస్తుంది. కానీ ఆ డోసు ఆవిడకు ఎక్కువైనట్టుంది. ఈ వారమే ఫోన్ చేసి, ఇంజెక్షన్ రాసిన డాక్టరును ఆఖరుసారి ఎప్పుడు కలిసిందో అడగండి. మొదటి చీటీ తర్వాత మళ్లీ వెళ్లలేదంటే వెంటనే వెళ్లమనండి. నీళ్లు సరిగ్గా తాగుతోందా, నిలబడితే కళ్లు బైర్లు కమ్ముతున్నాయా కనుక్కోండి. మీ రిపోర్టులు వచ్చాక నాకు మళ్లీ రాయండి, ఆవిడ ఎలా ఉందో కూడా అందులో రాయండి.